మెడ ఎత్తే ఆట

మామను వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే మెడ తిప్పలేడు కదా, రెండు కాళ్లూ కొంచెం కొంచెం జరుపుకుంటూ మనిషి మొత్తం తిరగాలి. ఆ తిరగడం పూర్తయ్యేలోపు పిలిచినవాళ్లు ఎలాగూ నడిచి ముందుకొచ్చేస్తారు. అప్పుడు మళ్లీ ఇటు తిరగాలి. ఒళ్లు మండేది ఆయనకు. "ముందటికొచ్చి మాట్లాడరాదు? నన్నేమన్న గానుగెద్దు అనుకున్నవా తిప్పనీకి?" అని తిట్టేవాడు. తిట్టి తనే నవ్వేవాడు. ఆ నవ్వు కూడా మనకు కనపడదు, నేలకే కనపడాలి.

మొన్న మా ఊళ్లో ఒక పెళ్లికి నీళ్ల ట్యాంకర్ తెప్పించారు. ఇంటింటికీ నల్లా వచ్చాక ట్యాంకర్ మొహం చూసి ఎంత కాలమైందో. వంటపని చేసే ఆడవాళ్లు డ్రమ్ములూ బిందెలూ పట్టుకొని దాని చుట్టూ మూగారు. ఒకామె తోసుకుంటూ ముందుకు పోతుంటే ఇంకొకామె బిందె అడ్డం పెట్టి ఆపింది, మూడో ఆమె ఆ ఇద్దరి నడుమ నుంచి దూరిపోయి పైపు అందుకుంది. అంతే, నాకు దుఃఖం ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకొని ఇంటికొచ్చేశాను. పెళ్లివారింట్లో ఏడ్చిందని అనరూ! ఏం చెప్పను వాళ్లకు? అది మామ కట్టిన ఆట అనీ, ఆ తోపులాటలో ప్రతి అడుగూ నేను కోలలు పట్టుకొని ఆడిందేననీ చెబితే పిచ్చిదాన్ననుకుంటారు.

మాది మర్రిగూడ మండలంలో ఒక చిన్న ఊరు. మాది అంటున్నాను గానీ నేను పుట్టింది మోత్కూరు పక్కన, సాలోళ్ల ఇంట్లో. మగ్గం చప్పుడు తప్ప ఇంకో తాళం తెలియకుండా పెరిగాను. పెళ్లయి ఇక్కడికొచ్చి అంగన్వాడీ టీచరుగా కుదురుకున్నాను. మామ మాకు చుట్టం కాదు, గొర్లు కాసే ఇంటి మనిషి. మా ఆయన ఊరి వరసన ఆయన్ని సిన్నాయిన అంటాడు కనుక నాకు మామ అయ్యాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు కోలాటం పంతులు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకో తర్వాత చెప్తాను.

మా దిక్కు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని ఇప్పుడందరికీ తెలుసు. తెలిసేనాటికి మామ ఎముకలు బిగిసిపోయాయి. నేను కాపురానికి వచ్చేసరికే నడుము ముందుకు వంగిపోయి, మోకాళ్లు పూర్తిగా చాచుకోలేక, చూపు నేల మీద పెట్టి నడిచేవాడు. మనుషుల్ని పాదాలతో గుర్తుపట్టేవాడు. "కోడలా, కాలి యేలు గోరు లేసిపోయింది, జర పసుపు పెట్టుకో" అన్నాకే నేను చూసుకున్న రోజులున్నాయి. మా జట్టులో అందరికంటే పెద్ద నోరున్న యాదమ్మను ఒక సాయంత్రం ఆట నడుమ ఆపి, "ఇంట్ల లొల్లి పెట్టుకొని వచ్చినవు గదనే? ఎడమ కాలు కోపంగ పడుతాంది" అన్నాడు. యాదమ్మ నిజంగానే మొగుడితో కొట్లాడి వచ్చింది. ఆ తర్వాత ఇంట్లో గొడవైతే ఆటకు రావడానికే భయపడేది.

నేను ఆ జట్టులో చేరడానికి ఆయన మాటే కారణం. ఈ ఊళ్లో ఆడవాళ్లు నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. ఆ నీళ్లకు పళ్లన్నీ గోధుమరంగు చారలు పడతాయి, ఆ సిగ్గు. కొత్తలో నాకది మర్యాద అనిపించింది, తర్వాత తెలిసి ప్రాణం ఉసూరుమంది. ఒకరోజు పొద్దుగూకే వేళ మైసమ్మ గుడి ముందు జాగాలో ఆడవాళ్లు కోలాటం ఆడుతున్నారు. మామ రాతి మీద కూర్చొని, "అవి కోలలా, అత్తగారి మూతులా? కొట్టుండ్రే, భయమెందుకు?" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. రెండు చేతుల్లోనూ కోలలున్నాయి, నోటికి అడ్డం పెట్టడానికి చెయ్యేది? అంతమంది అంత నోరు తెరిచి నవ్వడం చూసింది అదే మొదలు. మరునాడే కోలలు కొనుక్కున్నాను.

కోలాటంలో ఒక్కో ఆట తీరును కోపు అంటారు. ఎక్కడివాళ్లయినా పెద్దలు నేర్పిన కోపులే ఆడతారు. మామ మాత్రం సొంతంగా కట్టేవాడు. పాట ముందు పట్టుకొస్తే ఒప్పుకునేవాడు కాదు. "పాట ఏముంది, ఎప్పుడంటె అప్పుడొస్తది. ముందు పని జూడాలె" అనేవాడు. పని చూడడమంటే నిజంగా పోయి చూడడమే. దొడ్డి తడిక తీసినప్పుడు గొర్లు ఎలా దూరతాయో, పత్తి ఏరేవాళ్లు సాలు చివర ఎలా మళ్లుతారో గంటలకొద్దీ చూసేవాడు. తర్వాత ఇంటి అరుగు మీద చింతగింజలు పోసి వేలితో జరుపుతూ కూర్చునేవాడు. నల్లగా ఉన్నవి ఒక వరస, చెక్కు తీసినవి ఒక వరస. ఆయన భార్య, మా అత్త, వచ్చి, "గింజలాడుకునే వయసా?" అని ఊడ్చేయబోతే అరిచేవాడు. గింజలు కుదిరాక నోటితో తందానా తానా అంటూ చప్పుడు కట్టేవాడు. అది కూడా కుదిరాక మాకు తనే ఆడి చూపించేవాడు. వంగిన నడుముతో, చాచలేని మోకాళ్లతో, తిరగని మెడతో అంత ముద్దుగా ఆడేవాడు, చూస్తుంటే కడుపు నిండిపోయేది. మేం ఆయన్ని చూసి నేర్చుకున్నాం. అక్కడే వచ్చింది తంటా.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఎక్కడ చూసినా పండుగలు, సభలు, వేదికలు. మా జట్టును నల్గొండకు పిలిచారు. మామ బస్సులో అంతసేపు కూర్చోలేడు కనుక రాలేదు. మేం ట్యాంకర్ కోపు ఆడాం. ఆడి దిగగానే ఒక పెద్దమనిషి వచ్చి, "ఆ వంగుడేందమ్మా, ఆ తిరుగుడేందమ్మా! మెడ తిప్పకుండ మనిషంతా తిరుగుతున్నరు, ఇట్లాంటిది నేనెక్కడా చూడలె" అని మనసారా మెచ్చుకున్నాడు. షీల్డు ఇచ్చారు. బస్సులో యాదమ్మ దాన్ని ఒళ్లోంచి దించలేదు.

మరునాడు పొద్దున నేను ఫోను పట్టుకొని మామ దగ్గరికి పరుగెత్తాను. ఎవరో తీసిన వీడియో అందులో ఉంది. ఆయన ఒళ్లో పెట్టి నడిపించాను. ఎంత సంబరంగా చూశాడో మొదట! అప్పుడుగానీ నాకు తట్టలేదు, మమ్మల్ని తల నుంచి కాళ్ల దాకా ఒక్క చూపులో ఆయన చూడడం అదే మొదటిసారి. ఎదురుగా ఎన్నేళ్లు ఆడినా ఆయన చూపుకు అందింది మా పాదాలూ చీర కుచ్చిళ్లే. ఒళ్లో ఉన్న ఫోనులోకి మాత్రం వంగి చూడగలడు.

చూస్తూ చూస్తూ ఆయన మొహం మాడిపోయింది.

"కోడలా, గీళ్లందరికి వచ్చిందా?"

"ఏంది మామా?"

"రోగం. నడుములు జూడు, మెడలు జూడు. యాదమ్మకొచ్చిందంటే సరే, ఈడ పుట్టింది. నువ్వు మోత్కూరు బిడ్డవు గదా. నీకెట్లొచ్చింది బిడ్డా?"

కాదు మామా, మాకేం రాలేదు, నువ్వట్ల ఆడి చూపిస్తివి, ఆటనే గట్లుంటదనుకున్నం అని చెప్పడానికి ఎంతసేపు పట్టిందో. ఆయనకు అర్థం కావడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. అర్థమయ్యాక ఫోను నా చేతికిచ్చేశాడు. "గిదా నేను మీకు నేర్పింది?" అన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదని అత్త తర్వాత చెప్పింది.

ఆ సాయంత్రం ఆట దగ్గర పెద్ద యుద్ధం. వంగుడు తీసేయాలి, సక్కగ నిలబడి ఆడాలి అన్నాడు మామ. యాదమ్మ ఒప్పుకోలేదు.

"గా వంగుడు జూసే గదా మామా మనల మెచ్చుకున్నది? అది తీసేస్తే పక్కూరోళ్లకూ మనకూ ఫరకేముంది?"

"నా రోగం మీకు నగ అయిందానే? మెడలేసుకొని తిరుగుతరా?"

"మాకు నీ ఆట గావాలె. నువ్వెట్లాడితే గదే నీ ఆట."

యాదమ్మ ప్రేమతోనే అంది. అది ప్రేమ అని ఆయనకూ తెలుసు, అందుకే ఇంకా ఎక్కువ ఉడికిపోయాడు. చేతిలోని కోలలు కింద పడేసి, తీసుకోవడానికి వంగే అవసరం కూడా లేని ఆ నడుముతోనే మెల్లగా ఇంటికి పోయాడు. నేను మాత్రం ఆయన మాట విని సక్కగ ఆడాలని చూశాను. ఎక్కడిది! కోల చేతిలోకి రాగానే నడుము దానంతటదే వంగేది. ఆయన మా ఒంట్లో అంత లోపలికి దిగిపోయాడు.

ఇంటింటికీ నల్లాలు వచ్చింది ఆ తర్వాతే. కృష్ణ నీళ్లు. వీధి వీధినా కొబ్బరికాయలు కొట్టారు. మామ మాత్రం రోజూ ఎవరో ఒకరి వాకిట్లో కూర్చొని వాళ్ల నల్లా చూసేవాడు. కొత్త ఆట పురుగు కుట్టిందని నాకు తెలిసిపోయింది. ఒకరోజు మా ఇంటికే వచ్చాడు.

"కోడలా, జూసినవా? బాయి కాడ వంగి తోడుడు. బోరింగు కాడ వంగి కొట్టుడు. ట్యాంకర్ కాడ వంగి గుంజుకునుడు. నల్లా కాడ వంగే పని లేదు. బిందె పెట్టి ఊకె నిలబడుడే."

"నిలబడితే ఆటేముంది మామా?"

"ఇను. బిందె నిండుతుంటే చప్పుడు సన్నగయితది. ఆ చప్పుడు ఎంత సన్నగయితే మెడ అంత పైకి లేవాలె. కోలలు గూడ మెడతోనే లేవాలె. నిండేసరికి అందరు మీదికి జూడాలె."

నేను మా నల్లా కింద బిందె పెట్టి విన్నాను. నిజమే, మొదట బొంగురుగా ఉన్న చప్పుడు నిండే కొద్దీ సన్నబడుతూ పోయింది. నా మెడ నాకు తెలియకుండానే లేచింది. ఆయన నా పాదాల వైపు చూస్తూ అడిగాడు, "మెడ ఎత్తితే ముందుగాల ఏడ గుంజుతది?"

"గొంతు కింద మామా."

"ఆ తర్వాత?"

"రొమ్ము తెరుసుకుంటది. వీపుల ఎముకలు దగ్గరికొస్తయి."

"నేను గూడ ఎన్నడన్న ఎత్తే ఉంట" అన్నాడు. "యాదికొస్తలేదు."

నేను లోపలికి పోయి చాయ్ పెట్టే నెపంతో ఏడ్చి వచ్చాను. తనకు రాని కదలికను ఎదుటి మనిషిని అడిగి అడిగి, ఒక్కో ఎముక పేరూ చెప్పించుకొని ఆయన ఆ ఆట కట్టాడు.

దాన్ని మాకు నేర్పనన్నాడు. "మీరు పాడైపోయిండ్రు. ఈ నీళ్లు తాగి పెరిగే పోరగాండ్లకు నేర్పుత. వాండ్లకు నా నడుమెందుకు?" సర్కారు బడి హెడ్మాస్టరు సారు సరే అన్నాడు. కానీ పిల్లలు తనను చూస్తే మళ్లీ తనలాగే ఆడతారు కదా, దానికి మామ ఒక ఉపాయం కనిపెట్టాడు. బడి వాకిట్లో నులక మంచం వేయించి, పక్కకు ఒరిగి పడుకొని, మెడ దాకా గొంగడి కప్పుకొన్నాడు. అలా పడుకుంటే ఆయనకు పిల్లల మొహాలు కనపడతాయి, పిల్లలకు ఆయన ఒళ్లు కనపడదు. పండుకొని ఆట నేర్పే పంతులని ఊరంతా ఒకటే నవ్వు. ఒక పిల్ల వచ్చి, "తాతా, గొంగట్ల ఏముంది?" అని అడిగితే, "పులి ఉంది, నా దిక్కు జూస్తే కరుస్తది" అన్నాడు. మాటతోనే నేర్పాడు. గోడకు వీపు ఆనించి నిలబడమనేవాడు, అక్కడి నుంచి అదే వీపుతో ముందుకు నడవమనేవాడు. నేను పక్కన బిందెలో నీళ్లు పోస్తూ చప్పుడు వినిపించేదాన్ని.

"నాకంతా అడ్డంగ కనబడుతాంది కోడలా. సక్కగున్నరో వంగిండ్రో తెలుస్తలేదు. నువ్వు జూసి చెప్పు. అబద్ధం చెప్పకు" అనేవాడు.

అబద్ధం చెప్పలేదు. అందరూ చక్కగా ఎత్తుతున్నారు, ఒక్క పిల్ల తప్ప. అది ఆయన మనవరాలే. కూతురి బిడ్డ, తాత దగ్గరే పెరుగుతోంది. పొద్దున బడికి వస్తుంటే తాత వేలు పట్టుకొని, తాత అడుగుకు అడుగు వేస్తూ, తాతలాగే నేల చూస్తూ వచ్చేది. ఆ నడకే ఆటలోకి వచ్చింది. దానికి నడుము నొప్పి లేదు, ఏమీ లేదు. తాత మీది ముద్దు, అంతే.

చెప్పాను.

మరునాటి నుంచి బడికి రావడం మానేశాడు. "నేను రాకుంటేనే అది సక్కగయితది. మిగిలింది నువ్వు బిందెతోని నేర్పియ్యి" అని నాకు కబురు పెట్టాడు. మనవరాలు వేలు పట్టుకోబోతే విదిలించేవాడట. "నాతోని నడువకు. యాదమ్మతోని పో" అని కసిరేవాడట. ఆ పిల్ల బడిలో నా కొంగు పట్టుకొని, "తాతకు నేనేం జేసిన టీచర్?" అని ఏడ్చింది. సాయంత్రం ఆయన దగ్గరికి పోయి తిట్టాను, పెద్దా చిన్నా చూడకుండా తిట్టాను. విన్నంతసేపు విని, "అది మెడ ఎత్తిందా?" అని అడిగాడు.

"ఇంకా లేదు మామా."

"ఎత్తినంక తిట్టు. అప్పుడు పడుత."

రోజూ అదే అడిగేవాడు. ఒకరోజు ఇంకో మాట కూడా చెప్పాడు. "ఎవరన్న గీ ఆట ఎవలది అంటే పిల్లలది అను. నా పేరు చెప్తే మల్ల నన్ను జూడనీకి వస్తరు, నన్ను జూసి నేర్చుకుంటరు." అందుకే ఆయన పేరు ఇక్కడా రాయలేదు.

ఆ చలికాలం ఆయన పోయాడు. దవాఖానకు తీసుకుపోయేదాకా కూడా ఆగలేదు. పాడె మీద వెల్లకిలా పడుకోబెట్టడానికి ఎముకలు ఒప్పుకోలేదు, పక్కకు ఒరిగించే తీసుకుపోయారు. మా జట్టు పాడె ముందు కోలాటం ఆడుతూ నడిచింది. ఆ ఒక్కరోజైనా ఆయన కోరినట్టు సక్కగ ఆడదామని యాదమ్మే అంది. ఆడలేకపోయాం. అందరమూ వంగే ఆడాం, ఏడుస్తూ వంగి ఆడాం. మనవరాలు పాడె వెనక నేల చూసుకుంటూ నడిచింది. అది మెడ ఎత్తిందా అని ఆయన రోజూ అడిగినదానికి ఎత్తింది మామా అని నేను చెప్పకముందే ఆయన పోయాడు.

నేను మానలేదు. బడి వదిలాక రోజూ బిందె పెట్టాను, పిల్లలు ఆడారు. రెండేళ్లు గడిచాయి. పోయిన జూన్‌లో రాష్ట్ర పండుగకు మా బడి పిల్లలను నల్గొండకు రమ్మన్నారు. యాదమ్మా నేనూ కూడా పోయి జనంలో కూర్చున్నాం.

పిల్లలు వచ్చి నిలబడ్డారు. మైకులో బిందె నిండే చప్పుడు మొదలైంది. మనవరాలు నడిమిట్లో ఉంది, పొడుగు సాగింది. చప్పుడు సన్నబడే కొద్దీ దాని మెడ లేచింది, రొమ్ము తెరుచుకుంది, కోలలు తలను దాటి పైకి పోయాయి. ఎంత చక్కగా ఉందో! నేను చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాను. నా కళ్లు ఇంకేదో వెతుకుతున్నాయి. తిరిగేటప్పుడు చూశాను, మెడ తిప్పే తిరిగింది. కూర్చొని లేచేటప్పుడు చూశాను, మోకాళ్లు సాఫీగా చాచుకున్నాయి. పక్క పిల్లను చూశాను, ఆ పక్క పిల్లను చూశాను.

యాదమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమే, మామ ఏడీ? మనుమరాల్ల గూడ లేడేందే?"

"లేడక్కా."

"జరంతన్న?"

"జరంత గూడ లేడు. తన్ను తానే తీసేసుకొని పోయిండు."

చుట్టూ జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. మేమిద్దరం ఆ కుర్చీల్లోనే ఒకరినొకరు పట్టుకొని, ఆయన అప్పుడే పోయినట్టు ఏడ్చాం.